పల్లం

ఆదోని మార్కెట్ యార్డులో తూకం చీటీలు రాస్తాను.
నిండు లారీ ఒకసారి కాటా ఎక్కుతుంది,
ఖాళీ లారీ ఇంకోసారి.
నడుమ తేడా ఎంతో, పత్తి అంత.
ఉసేనయ్య పోయినాక
మా ఇల్లు కూడా ఖాళీగా కాటా ఎక్కింది.
ఆ తేడా రాసుకునే గడి
ఏ చీటీలోనూ లేదు.

మూడేండ్లు
పరుపుకు కుడి అంచునే పడుకున్నాను.
ఎడమ పక్క ఆయన పల్లం.
భుజం కాడ లోతు, నడుము కాడ ఇంకా లోతు,
కాళ్ళ కాడికి ఏమీ లేదు,
పొట్టి మనిషి.
నిద్దట్లో దొర్లి అందులో పడతానేమోనని
నడుమ దిండు అడ్డం పెట్టుకునేదాన్ని.
కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకపోతుంటే
కోడుమూరు దాటకముందే చల్లబడిన చెయ్యి
తెల్లారుజామున ఆ పల్లంలో మాత్రం
వెచ్చగా తగిలేది.
ఎవరికి చెప్తే నమ్ముతారు?

"దూది గడ్డకట్టింది వదినా, ఏకించు" అని
మరిది పెండ్లాం ఏడాది పోరింది.
తర్వాత ఎలకలు పోరినాయి.
ఎలకల మాట విన్నాను.

మౌలాలి వచ్చినాడు, భుజాన ఏకే విల్లు.
మిషన్లో వేస్తే దూది నలుగుతుందని
ఊర్లో ఇంకా విల్లు పట్టేది ఆయనొక్కడే.
పరుపు అరుగు మీద పరిచి
పల్లం మీద అరచెయ్యి ఆనించి
"ఎన్నేండ్లైంది?" అన్నాడు.
కుట్టించి అనుకున్నాను. "పద్నాలుగు."
"అది కాదమ్మా."
"... మూడు."
మారు మాట్లాడకుండా
కత్తెర తీసుకోని
కుడి పక్క నుంచి కుట్లు విప్పినాడు.

మధ్యాహ్నం దాకా డంయ్ డంయ్ మని నారి.
ఇరుగు పొరుగు పిల్లలంతా ముక్కులు మూసుకోని చూసినారు.
తెల్లగా లేచిన దూదిని మళ్ళీ తూచినాను,
అలవాటు చావదు కదా.
ముందు పన్నెండు కిలోలు.
ఇప్పుడు పదకొండున్నర.
"పోయిన అరకిలో దుమ్మేలే" అన్నాడు.
ఆ పొద్దు
అరుగు ఊడ్వలేదు నేను.

మూడోనాడు మళ్ళీ వచ్చినాడు.
కాగితం పొట్లంలో ఒక గుండీ.
"దూదిలో దొరికింది. ఆయనదేమో."
తర్వాత దిండు కుట్టు వదిలిందేమో చూద్దామని వచ్చినాడు.
దిండు కుట్టు వదల్లేదు.
తర్వాత, యార్డు కాడ ఉగ్గాని తింటా కనపడి,
బజ్జీ నా పక్కకు జరిపినాడు.
ఎందుకొచ్చినావంటే
పత్తి రేటు అడగనీకె అన్నాడు.
కిలో దూది కూడా కొనలేదు ఆ నెలంతా.

ఒక సాయంత్రం, చీటీల పుస్తకం మూసేటప్పుడు,
"ఊరందరి పరుపులూ ఏకినా,
మా ఇంట్లోది ఇప్పటికీ విప్పలేదు.
పీరాంబి పోయి ఆరేండ్లు.
చాప మీదే పండుకుంటా" అన్నాడు,
కాటా వైపు చూసుకుంటా.

ఏకు మేకవుతుందంటారు.
మేకు ఏకు కావడం
ఎవరూ సామెత కట్టలేదెందుకో.

ఆదివారం నా కత్తెర నేనే తీసుకపోయినాను.
మరిది పెండ్లాం గడపలో నిలబడి
యాడికి అని అడగలేదు.
మౌలాలి చెయ్యి వణికింది, విల్లు పట్టిన చెయ్యే.
ఏ పక్క నుంచి విప్పాలో
ఆ పనోనికి తెలీలేదు.
ఆమె పండుకునే పక్క ఏదని అడిగి,
రెండో పక్క నుంచి
నేను మొదలుపెట్టినాను.

మూడు హెయిర్ పిన్నులు దొరికినాయి.
ఒక్కొక్కటీ తుడిచి కిటికీలో పెట్టినాడు.

కొండల పక్క నుంచి గాలి లేసింది.
వాకిట్లో దూది కూడా లేసింది,
పట్టుకోబోతే
ఆయన నెత్తి మీదింత, నా నెత్తి మీదింత.
ఒకరినొకరు చూసుకున్నాం.
ఇద్దరికీ ఒక్కసారే తల నెరిసింది.

"దులుపుకో" అన్నాడు.
దులుపుకోలేదు.